జీలుగుపాలెం బస్సు వంతు

నర్సీపట్నం రోడ్డు

నర్సీపట్నం రోడ్డు అనే రైల్వే స్టేషన్లో దిగితే నర్సీపట్నంలో దిగినట్టు కాదు. మీలో ఎవరైనా అటు వెళ్తే పనికొస్తుందని ముందే చెబుతున్నాను. నాకు చెప్పినవాళ్లు లేరు. రైలు వెళ్లిపోయాక, ప్లాట్‌ఫారం చివర బీడీ కాలుస్తున్న ఒకాయన్ని "ఊళ్లోకి ఎటు వెళ్లాలండీ?" అని అడిగాను.

"ఏ ఊళ్లోకండి?"

"నర్సీపట్నం."

ఆయన నన్నూ, నా సంచినీ, రైలు వెళ్లిన దిక్కునీ చూశాడు. "అది ఇక్కడ లేదండి. ఇక్కణ్ణుంచి శానా దూరమండి" అన్నాడు.

ఏలూరు టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని. ట్రంకు కాల్స్ రోజుల్లో నర్సీపట్నం ఎక్స్ఛేంజిలో ఉండే అమ్మాయిని గొంతు బట్టి గుర్తుపట్టేదాన్ని. రోజుకి పదిసార్లు ఆ ఊరిని ఎవరెవరికో కలిపాను గానీ, అది మ్యాపులో ఎక్కడుందో ఒక్కసారీ చూసుకోలేదు. దిక్కులు నాకు పుట్టుకతోనే రావు. మా ఇంట్లోనే తూర్పు ఎటో ఆలోచించి చెబుతాను.

బయల్దేరింది ఎస్తేరు కోసం. మా వీధిలోని ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఏళ్లు వంట చేసి, రిటైరయ్యాక సొంతూరు జీలుగుపాలెం వెళ్లిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా "మా ఊరు సూద్దురు గాని రండమ్మా, ఇప్పుడు బస్సు కూడా ఏసినారు" అనేది. ఇంట్లో పెళ్లి కుదిరిందన్నంత సంబరంగా చెప్పేది ఆ మాట. మేం ఏలూరు వాళ్లం బస్సు వచ్చినా తిట్టుకుంటాం, పది నిమిషాలు లేటని.

ఏటికొప్పాక

నర్సీపట్నం బస్సుకి టైముందని ఆటో అతను నన్ను ఏటికొప్పాక తీసుకెళ్లాడు. ఇంత దూరం వచ్చి లక్క బొమ్మలు చూడకపోతే మహాపాపం అన్నట్టు మాట్లాడాడు మరి. ఒక వరండాలో ఒకావిడ మిషను మీద గిరగిరా తిరుగుతున్న కర్రకి లక్క ఆనిస్తోంది. చూస్తుండగానే పసుపు రంగు కర్రంతా పాకింది. చిన్న కుంకుమ భరిణె నూట ఇరవై అంది. దాన్నే ఏలూరు ఎగ్జిబిషన్లో మూడొందలకి కొని, బేరమాడి గెలిచానని వారం రోజులు అందరికీ చెప్పుకున్నాను.

"ఏ ఊరెల్తన్నారమ్మా?" అందావిడ.

"జీలుగుపాలెం."

"అక్కడ జనం ఉన్నారేటి? అందరూ దిగిపోయి ఇటుక బట్టీలకెల్లిపోనారన్నారే."

"నిన్ననే ఫోన్లో మాట్లాడానండీ" అన్నాను కంగారుగా.

"అయితే ఒకలున్నారన్నమాట" అంది, భరిణెకి మూత బిగిస్తూ.

కాంప్లెక్సు

నర్సీపట్నం బస్టాండుని అక్కడివాళ్లు కాంప్లెక్సు అంటారు. ఆ పక్కనే మీల్స్ తిన్నాను. ముక్కల పులుసు నోట్లో పెట్టుకుంటే పాయసంలోకి వెళ్లాల్సిన బెల్లం దారి తప్పి ఇందులో పడిందేమో అనిపించింది. వడ్డించే అతన్ని అడిగితే "బెల్లం ఎయ్యకపోతే అది పులుసెలాగవుద్దండి?" అని ఎదురడిగాడు. రెండోసారి వేయించుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి జీలుగుపాలెం బస్సు. అట్టముక్క మీద చాక్‌పీసుతో ఊరి పేరు రాసి అద్దానికి ఆనించారు. ఎక్కి చూద్దును కదా, పది పన్నెండు మంది మగవాళ్లు. ఒక్కరి చేతిలో కూడా సంచి లేదు. మా వైపు పల్లె బస్సు సాయంత్రం పూట ఎక్కితే ఎరువు బస్తాల మధ్య కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఇక్కడ కనీసం ఒక అరటిపళ్ల పొట్లం కూడా లేదు. పొద్దుటి నుంచీ కూర్చుని కూర్చుని విసిగిపోయిన మొహాలు. ఆడమనిషన్నది నేనూ, కండక్టరూ తప్ప లేదు.

ఆధార్ కార్డు చూపించి ఫ్రీ టికెట్టు తీసుకున్నాను. బస్సులో అందరూ నా వైపు తిరిగి చూశారు. వెనక సీట్లోంచి తలపాగా పెద్దాయన ముందుకు వంగాడు. పేరు లోవరాజు అని తర్వాత తెలిసింది.

"అమ్మగోరూ, ఒక్క మాట. మీరు డబ్బులిచ్చి టిక్కెట్టు కొట్టించుకోండి."

"ఎందుకండీ? ఆడవాళ్లకి ఫ్రీ కదా."

"ఫ్రీయేనండి. అయినా ఇచ్చీయండి. పోనీ నానిస్తాను."

"మీరెందుకిస్తారు?"

ఆయన కండక్టరు వైపు ఓసారి చూసి వెనక్కి వాలాడు. నాకు ఒళ్లు మండింది. గవర్నమెంటు ఇచ్చిందాన్ని వద్దనడానికి మీరెవరండీ అని గట్టిగానే అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

ముందు సీట్లో బక్కపలచటి మనిషి ఒకడున్నాడు. ఎడం చేతికి, సూది గుచ్చిన చోట దూది పెట్టి అంటించిన ప్లాస్టరు. కుదుపులకి నొప్పి పెట్టకుండా వెనక ఎవరో తువ్వాలు మడిచి పెట్టారు. అతను మాత్రం కిటికీ వైపు కాకుండా ఇటు తిరిగి కూర్చున్నాడు. ఎందుకా అని బయటికి చూశాను. రోడ్డు పక్కన ఆడవాళ్లు వరసగా నడుచుకుంటూ వెళ్తున్నారు, నెత్తి మీద సంతలో కొన్న సరుకులతో. డ్రైవరు హారన్ కొట్టి స్లో చేశాడు. వాళ్లు నవ్వి, చెయ్యి ఊపి, వెళ్లిపొమ్మన్నారు.

డబ్బులిచ్చే మగవాళ్లు ఖాళీ చేతులతో బస్సులో. ఫ్రీగా ఎక్కాల్సిన ఆడవాళ్లు బరువులతో రోడ్డు మీద. ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

గెడ్డ అవతల

గెడ్డ అంటే అక్కడ వాగు. దాని మీద కల్వర్టు దాటగానే ఊరు. ఎస్తేరు పరుగెత్తుకొచ్చింది, కానీ నా దగ్గరికి కాదు. ముందు ఆ బక్కపలచటి మనిషిని చెయ్యి పట్టి దింపి, తర్వాత నన్ను కావలించుకుంది. అతను ఆవిడ తమ్ముడు దానియేలు. కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, నర్సీపట్నంలో మిషను మీద రక్తం కడిగించుకోవాలి. మూడేళ్లుగా ఇదే బతుకు.

ఆ రాత్రి భోజనంలో వెదురు కొమ్ముల కూర, తాగడానికి చోడి అంబలి పెట్టింది. మా వైపు రాగి జావ అంటే జబ్బు చేసినవాళ్లకి. ఇక్కడ పనిచేసేవాళ్లకి. కూర అడ్డాకు విస్తట్లో తిన్నాను, వేడికి ఆకు వాసన కూరకి పట్టి ఎంత బాగుందో చెప్పలేను.

"బస్సు ఇంకా ఖాయం కాలేదమ్మా" అంది ఎస్తేరు. "నెల్లాళ్లు ఏసి సూత్తామన్నారు. జనం ఎక్కితే ఉంచుతారంట, నేకపోతే తీసేత్తారంట. వచ్చే బుధారంతో నెల అయిపోద్ది."

"తీసేస్తే?"

ఎస్తేరు పొయ్యిలో కట్టె సర్దింది. జవాబు దానియేలే చెప్పాడు, చాలా మామూలుగా. "ముందు రోడ్డు దాకా నడిచెల్లి ఆటో ఎక్కేవోణ్నండి. ఇప్పుడు నడవలేను. బస్సు పోతే మిషను మానేత్తాను. ఊరందరికీ బరువైపోనాను."

మానేస్తే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. అంబలి గిన్నె పక్కన పెట్టేశాను.

ఎంతమంది?

గురువారం ఊరు చూశాను. నాలుగు వరసల ఇళ్లు, ఒక చిన్న చర్చి, వెనక కొండ. మనసులో బస్సు గొడవే. అసలు ఈ ఊళ్లో బస్సు నింపేంత జనం ఉన్నారా? ఊరి మొదట్లో బోర్డు మీద జనాభా అని రాసుంది. పక్కన అంకెల మీద ఎవరో ఎన్నికల పోస్టరు అంటించారు, ఇంకెవరో దాన్ని గీకేశారు. పోస్టరుతో పాటు అంకెలూ ఊడిపోయాయి.

లోవరాజు గారిని అడిగాను. నా మీద కోపం కాస్త తగ్గినట్టుంది. "నలభై రెండు పొయ్యిలండి" అన్నాడు.

"పొయ్యికి ఎంతమంది?"

"అది పొయ్యిని బట్టండి."

అంగన్‌వాడీ అమ్మాయిని అడిగాను. తనకి కావలసిన వాళ్లు, అంటే పిల్లలూ తల్లులూ, ముప్పై ఒకళ్లంది. మిగతావాళ్లతో తనకి పని లేదట. ఎస్తేరుని అడిగితే వేళ్ల మీద పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, బట్టీలకి వెళ్లిన వాళ్లందరినీ కలిపేసింది. వాళ్లు లేరు కదే అంటే "వత్తారు కదమ్మా" అంది. పురిటికి పుట్టింటికి వచ్చిన పక్కింటి అమ్మాయిని కలిపింది, ఆవిడ ఒళ్లో పసివాణ్ని కలపలేదు.

"వాడెందుకు లేడు?"

"ఆడు ఆళ్ల ఊరోడు కదా."

"మరి కొండ మీద మంచెల్లో పడుకునేవాళ్లు?"

"పడుకునేది అక్కడ, తినేది ఇక్కడ. తినే కాడే లెక్క."

సాయంత్రానికి నా కాగితం మీద మూడు లెక్కలు తేలాయి. ఒకదానికొకటి పొంతన లేదు. విచిత్రం ఏమిటంటే, వాళ్లెవరూ తప్పు చెప్పలేదు.

కర్ర

చల్లబడ్డాక గెడ్డ దాకా నడుద్దామని బయల్దేరాను. కుక్కలంటే నాకు భయం. మూడో వరస మొదటింటి గోడకి నున్నటి కర్ర ఒకటి ఆనించి ఉంది. కాసేపటికి తెచ్చి పెట్టేద్దామని తీసుకున్నాను. తిరిగొస్తూ నాలుగో వరస మొదటింటి అరుగు మీద కూర్చుని ఒకావిడతో చీపుర్ల ధరలు మాట్లాడి, లేచి వచ్చేశాను. కర్ర అక్కడే మర్చిపోయాను. కుక్క ఒక్కటీ కనపడలేదు కూడా.

శుక్రవారం పొద్దున్న పళ్లు తోముకుంటుంటే బస్సు వచ్చి ఆగింది. ఎక్కినవాళ్లు దానియేలు, ఆస్పత్రికి అతనికి తోడు వెళ్లే లోవరాజు గారు, అంతే.

కండక్టరు తల బయటపెట్టింది. "ఏటండీ, ఊరంతా జొరాలా?"

లోవరాజు గారు దిగి మూడో వరసకి పరుగెత్తాడు. "మా వంతు కాదు మామా, కర్ర నాలుగో వరస్లో ఉన్నాది, మావోళ్లంతా తెల్లారకముందే కొండకెల్లిపోనారు" అందో ముసలావిడ. నాలుగో వరసకి పరుగెత్తాడు. అక్కడ సగం ఇళ్లకి తాళాలు, బట్టీలకి వెళ్లిన వాళ్లవి; మిగతా ఇళ్లలో మగాళ్లు తమ వంతు రేపు కదా అని కొండకెళ్లిపోయారు.

"కర్రెవలు మార్చినారు?" అని అరిచాడు.

"ఏ కర్ర?" అన్నాను, నోట్లో బ్రష్షుతోనే.

ఎస్తేరు నెత్తి మీద చేతులు పెట్టుకుంది. అప్పుడు బయటపడింది సంగతంతా. పంట కాలంలో అడవిపందుల కాపలాకి తాతల నాటి నుంచీ ఆ ఊళ్లో ఒక వంతు కర్ర ఉంది. సాయంత్రం అది ఏ వరస మొదట ఉంటే మర్నాడు ఆ వరస మగాళ్లంతా కాపలా. ఇప్పుడు అదే కర్రని బస్సుకి పెట్టారు. కర్ర వచ్చిన వరసలో మగాళ్లంతా కూలి మానుకుని, టికెట్టు కొనుక్కుని నర్సీపట్నం వెళ్లాలి. కాంప్లెక్సులో సాయంత్రం దాకా కూర్చుని మళ్లీ బస్సెక్కాలి. దానియేలు కోసం.

"మరి ఆడవాళ్లు?"

"ఫ్రీ వోళ్లు ఎక్కువైతే నట్టమొచ్చి బస్సు తీసేత్తారు కదమ్మా" అంది ఎస్తేరు. "అందుకే ఆడోళ్లం ఎక్కకూడదని మాటనుకున్నాం. బయటోళ్లకి సెప్పొద్దనుకున్నాం. తెలిత్తే దొంగ జనం అంటారు."

సిగ్గుతో చచ్చిపోయాను. బుధవారం నేను ఆ ముసలాయన మీద అరిచిన అరుపు గుర్తొచ్చి మరీను. నోరు కడుక్కుని, చెప్పులు వేసుకుని బస్సెక్కేశాను. ఎక్కితే ఒక మనిషినైనా అవుతాను కదా.

ముగ్గురి బస్సు

"ఒక నర్సీపట్నం. డబ్బులు తీసుకోండి" అన్నాను.

"మీకు ఫ్రీ కదమ్మా. కార్డు తేలేదా?"

"కార్డుంది. అయినా డబ్బులే తీసుకోండి. ఫ్రీ వాళ్లు లెక్కలోకి రారట కదా."

"ఎవలు సెప్పారు మీకు?"

వెనక లోవరాజు గారు దగ్గాడు. అప్పటికే నేను చెయ్యాల్సినంత చెరుపు చేశాను, ఇంకేం మిగిలిందని అడిగేశాను. "బస్సు ఉంచాలా వద్దా అన్నది దేన్ని బట్టి చూస్తారండీ?"

"ఎంతమంది ఎక్కినారన్నదే సూత్తారు. సున్నా టిక్కెట్టయినా మిషన్లో మనిషి పడతాది కదా. ఆ డబ్బులు గవర్నమెంటు కట్టుకుంటాది, మీకేటి?" అని, కాస్త గొంతు తగ్గించింది. "నానే అడుగుదామనుకుంటన్నాను. ఈ ఊరి ఆడోళ్లు బస్సెందుకెక్కరమ్మా? ఆపి పిలిత్తే పొమ్మంటారు. బస్సు పడదేమో, వాంతులేమో అనుకున్నాను. ఊరు ఊరంతా అలాగే ఉంటారా అని ఇంటికెల్లి మా ఆయనకి కూడా సెప్పాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోవరాజు గారు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఒక్కసారి అడిగుంటే..." అన్నాడు, ఎవరితోనో కాదు.

మలుపు తిరిగేసరికి ఎదర ఆడవాళ్లు, నెత్తి మీద కొండచీపుర్ల మోపులతో. డ్రైవరు ఆపాడు. కండక్టరు రమ్మంది. వాళ్లు చెయ్యి ఊపారు. నేను పిలిచాను. "మీరెల్లండమ్మా, మాకలవాటే" అన్నారు. లోవరాజు గారు తల బయటపెట్టి ఎక్కండర్రా అన్నాడు. అందరికంటే ముందున్నావిడ ఆగిపోయింది.

"మామా, ఎక్కొద్దని ఒట్టేయించింది నువ్వే కదా. ఇప్పుడేటి, పరీచ్చ పెడతన్నావా?"

అప్పుడు దానియేలు లేచాడు. మెట్ల దగ్గర కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి, రోడ్డు మీదకి దిగాడు.

"అత్తా, ఎక్కు" అన్నాడు. "మీరు ఎక్కితేనే బస్సుంటాదంట. కండక్టరమ్మ సెప్పింది."

"నిజిమేనేటిరా?"

"నిజిమే. నాకోసరం నడిచింది సాలు. మీరు ఎండలో నడుత్తావుంటే కిటికీలోంచి సూడలేక అటు తిరిగి కూకునేవోణ్ని. ఎక్కండే, మీకు దండవెడతాను."

సూదులు గుచ్చే చేతిని రెండో చేత్తో కలిపి నిజంగానే దండం పెట్టాడు. ఆవిడ మోపు దింపకుండానే కళ్లు తుడుచుకుంది. తర్వాత ఒక్కొక్కరే ఎక్కారు, పదకొండు మంది. రవికల్లోంచి, కొంగు ముళ్లలోంచి, ప్లాస్టిక్ కవర్లలో చుట్టిన కార్డులు బయటికొచ్చాయి. ముగ్గురికి కార్డులు లేవు. వాళ్ల టికెట్లకి లోవరాజు గారు డబ్బులిచ్చాడు, ఎవరూ అడగకుండానే. ఒకావిడ సీట్లో కూర్చుని కూడా మోపు నెత్తి మీదే పెట్టుకుంది. బస్సు కదిలి చాలా దూరం వెళ్లాక, దింపమ్మా అని కండక్టరు చెబితే గానీ దింపలేదు.

శనివారం

సాయంత్రం ఊళ్లో పంచాయతీ పెద్దదే జరిగింది. ఇన్ని రోజుల కూలి పోయిందని ఒకడు కోప్పడ్డాడు. కండక్టరు మాట నమ్మొచ్చా అని ఇంకొకడు. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. అది అన్నిటికంటే కష్టంగా ఉంది. చివరికి ఆడవాళ్లే తేల్చేశారు. నమ్మినా నమ్మకపోయినా రేపటి నుంచి మేం నడవం అన్నారు.

శనివారం నేను తిరుగు ప్రయాణం. దానియేలుకి ఆస్పత్రి లేని రోజు, అయినా బస్సు దాకా వచ్చి నా సంచి మోస్తానన్నాడు. వద్దని లాక్కున్నాను. బస్సులో చీపుర్లు, అడ్డాకుల కట్టలు, రెండు కోళ్లు, పసిపిల్లలు. కాలు పెట్టుకునే చోటు లేదు. నర్సీపట్నం దాకా నిలబడే వచ్చాను, ఎంత తృప్తిగా అనిపించిందో.

ఏలూరు

ఇంటికొచ్చాక ఆ బుధవారం నాకు కుదురు లేదు. గురువారం ఫోన్ చేస్తే ఎస్తేరు ఇంకా ఏం తెలియలేదంది. వారం పోయాక తనే చేసింది.

"బస్సు ఖాయం సేసినారమ్మా! అట్టముక్క కాదు, రంగుతో బోర్డు రాసీసినారు."

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. దానియేలు ఎలా ఉన్నాడని అడిగాను.

"ఆడి సంగతి సెప్పకండి. నిన్న పొద్దున్న బస్సెక్కీసినాడు. సాయంత్రం దాకా అయిపు లేడు, ఎక్కడున్నాడో తెలీదు. నా ప్రాణం పోనాది. దిగినాక సొక్కా పట్టుకుని అడిగితే సినిమాకెల్లాడంట!"

"నిన్న గురువారం కదే?"

"అదేనమ్మా, మిషను లేని రోజు. తిడదామనుకుని, అన్నం ఎట్టీసినాను. ఆస్పత్రికి కాకుండా ఆడు ఊరు దాటి మూడేళ్లయ్యింది."